సుజౌకి ఒకటిన్నర రోజు: ముందు తోట, తర్వాతే మ్యూజియం

ఆఫీసు పని మీద షాంఘై వెళ్తున్నారు, మధ్యలో ఒకటిన్నర రోజు ఖాళీ దొరికింది, సుజౌ వెళ్లొచ్చా, వెళ్తే పాత తోటలు చూడాలా కొత్త కట్టడాలు చూడాలా అని అడిగారు కదా. తప్పకుండా వెళ్లండి. నేనూ అలాగే ఒక బుధవారం మధ్యాహ్నం బయల్దేరి గురువారం రాత్రికి తిరిగొచ్చాను. రెండూ చూడండి, కానీ ఏది ముందు చూస్తారన్నది చాలా ముఖ్యం.

స్పీడ్ ట్రైన్‌లో అరగంట ప్రయాణం. సుజౌ అనే స్టేషన్‌కే టికెట్ తీసుకోండి, సుజౌ నార్త్ అని ఇంకోటి ఉంది, అది పాతూరికి దూరం. పాస్‌పోర్టే టికెట్‌గా పనిచేస్తుంది. చైనాలో ఫోన్‌తో డబ్బు కట్టే యాప్ అలీపేలో ఇంటర్నేషనల్ కార్డు ఇక్కడే లింక్ చేసుకుని వెళ్లండి, అక్కడికి వెళ్లాక ఓటీపీ రాకపోతే అనవసరంగా టెన్షన్.

నేను వెళ్లిందే సుజౌ మ్యూజియం కోసం. ప్యారిస్‌లో లూవ్ర్ ముందున్న గాజు పిరమిడ్ కట్టిన ఐ.ఎం. పే దీన్ని డిజైన్ చేశారు, 2006లో తెరిచారు. టికెట్ లేదు గానీ ముందే స్లాట్ బుక్ చేసుకోవాలి. నాకది తెలియక నేరుగా గేటు దగ్గరికి వెళ్తే ఆ రోజుకి స్లాట్లు అయిపోయాయన్నారు. హోటల్ రిసెప్షన్‌లో అమ్మాయి తన ఫోన్‌లో ప్రయత్నించి మర్నాడు పొద్దుటికి ఇప్పించింది. సరే, చేసేదేమీ లేక పక్కనే ఉన్న జువోజెంగ్ యువాన్ తోటకి వెళ్లాను. ఇప్పుడు ఆలోచిస్తే అలా జరగడమే మంచిదైంది.

16వ శతాబ్దం మొదట్లో పదవి వదిలేసి వచ్చిన ఒక అధికారి వేసుకున్న తోట అది. కూరగాయలు పండించుకు బతకడమే నాలాంటి చేతకానివాడి పరిపాలన అనే అర్థం వచ్చేలా పేరు పెట్టుకున్నాడు. సుమారు 13 ఎకరాలు ఉంటుంది, కానీ ఒక్కచోట నిలబడి మొత్తం చూడలేం. గోడలో గుండ్రటి ద్వారం, అవతల వెదురు పొద, అది దాటితే హఠాత్తుగా చెరువు. ఒక చోట నీళ్ల మీదుగా పడమటికి చూస్తే చెట్ల పైన ఒక పగోడా కనిపిస్తుంది. తోటలోదే అనుకున్నాను. కాదు, ఊళ్లో ఎక్కడో ఉన్న గుడి గోపురం అది, బయటి దృశ్యాన్ని తోటలోకి అరువు తెచ్చుకున్నారన్నమాట. మధ్యలో ఒక్క పది అంతస్తుల అపార్ట్‌మెంట్ లేచినా ఆ చూపు పోతుంది. పాతూరిలో 24 మీటర్లకు మించి కట్టకూడదన్న నియమం విలువ నాకు అక్కడ నిలబడినప్పుడే అర్థమైంది, మన ఊళ్లలో కోటల పక్కన, చెరువుల చుట్టూ ఏం కట్టేశామో గుర్తొచ్చి బాధేసింది కూడా.

మర్నాడు పొద్దున మ్యూజియం. లోపలి నీళ్ల కొలను అవతల ఒక తెల్ల గోడ, దాని ముందు పలకలుగా కోసి నిలబెట్టిన రాళ్లు. దూరం నుంచి చూస్తే తెల్ల కాగితం మీద సిరాతో గీసిన కొండల్లా ఉంటాయి. ఆ గోడ అవతలే నేను ముందు రోజు తిరిగిన తోట! అది తెలిశాక అక్కడి నుంచి కదలలేకపోయాను. ఊళ్లో ఇళ్లన్నీ తెల్ల గోడలు, నల్ల పెంకులు. పే పెంకులు వాడలేదు, గ్రానైట్ పలకలు పరిచారు. పొడిగా ఉంటే బూడిద రంగు, తడిస్తే నలుపు. నేను ఉండగానే చినుకులు పడ్డాయి, చూస్తుండగానే కప్పు రంగు మారింది. ఆయన చిన్నప్పుడు వేసవుల్లో వచ్చి ఆడుకున్న లయన్ గ్రోవ్ తోట కూడా అక్కడికి నడిచే దూరంలోనే ఉంది, అప్పట్లో అది వాళ్ల కుటుంబానిదే. ఓపిక ఉంటే అదీ చూడండి, రాళ్ల గుహల్లో దారి తప్పడం పిల్లలకి భలే ఇష్టం.

సాయంత్రం పింగ్‌జియాంగ్ వీధిలో కాలువ పక్కన నడవండి. 1229లో రాతి మీద చెక్కిన ఊరి మ్యాప్‌లో వీధి, పక్కనే కాలువ ఎలా ఉన్నాయో ఇప్పటికీ దాదాపు అలాగే ఉన్నాయి. శాకాహారులైతే మాంసం, గుడ్డు, చేప, ఎముకల పులుసు వద్దు అని చైనీస్‌లో రాయించి ఫోన్‌లో పెట్టుకోండి, కూరగాయల నూడుల్స్ అన్నా అడుగున పులుసు మాంసానిదే ఉంటుంది.

జిన్జీ సరస్సు వైపున్న కొత్త ఊరికి మాత్రం రెండు గంటలు చాలు. 1994లో సింగపూర్‌తో కలిసి మొదలుపెట్టిన ఇండస్ట్రియల్ పార్క్ అది. 300 మీటర్ల ఎత్తున్న గేట్ ఆఫ్ ది ఓరియంట్‌ని అక్కడివాళ్లు ప్యాంటు అంటారు, నిజంగా అలాగే ఉంటుంది. దీపాలు వెలిగాక బాగుంది, కానీ నాకు అలాంటివి షాంఘైలోనే చాలా కనిపించాయి.

ఇంకొకటి, సోమవారం మ్యూజియం మూసేస్తారు. మీ ఖాళీ ఆదివారం మధ్యాహ్నం నుంచి అయితే తోటకీ మ్యూజియానికీ ఆ ఒక్క పూటే ఉంటుంది, ఆ రోజుకి స్లాట్ ఇప్పుడే చూసుకోండి.