ఇంటర్ మానేసి బెల్‌గ్రేడ్ వెళ్తానంటున్నాడు

ప్రశ్న: సార్, మా అబ్బాయి విజయవాడలో ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ చదువుతున్నాడు. 16 ఏళ్లు, ఆరడుగుల రెండంగుళాలు ఉంటాడు. బాస్కెట్‌బాల్‌లో జిల్లా జట్టుకు ఆడాడు, ఒకసారి రాష్ట్ర స్థాయికి వెళ్లాడు. ఏడాదిగా సెర్బియాలోని రెడ్ స్టార్ బెల్‌గ్రేడ్ అనే క్లబ్ పిచ్చి పట్టుకుంది. అర్ధరాత్రి దాకా ఆ మ్యాచ్‌లే. ఇంటర్ మానేసి అక్కడి అకాడమీలో చేరతానంటున్నాడు. "ఆ క్లబ్‌ని నిలబెట్టినవాళ్లు పుస్తకాలు పట్టుకుని కూర్చుంటే అది అంత పెద్దదయ్యేదా?" అని నన్నే ఎదురు అడుగుతున్నాడు. ఒక కన్సల్టెంట్ నాలుగు లక్షలు అడ్వాన్స్ కడితే సీటు గ్యారంటీ అంటున్నాడు. నేను వ్యవసాయం చేసుకునే మనిషిని, ఈ ఆట గురించి నాకేమీ తెలియదు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు అడ్వాన్స్ సంగతి. కట్టకండి. ఎందుకో కిందకి వచ్చాక చెబుతాను. మీవాడు అడిగిన ప్రశ్నకు మాత్రం ముందే జవాబు చెప్పాలి, ఎందుకంటే అది మంచి ప్రశ్న. కాకపోతే దాని జవాబు వాడు అనుకున్నట్టు లేదు.

రెడ్ స్టార్‌ను అక్కడివాళ్లు త్సర్వెనా జ్వెజ్దా అంటారు. ఎర్ర నక్షత్రం అని అర్థం. రెండో ప్రపంచ యుద్ధం యూరప్‌లో ఇంకా ముగియకముందే, 1945 మార్చి 4న, బెల్‌గ్రేడ్‌లో పుట్టిన క్రీడా సంఘం అది. ఫుట్‌బాల్‌తో పాటే బాస్కెట్‌బాల్ జట్టు కూడా తయారైంది. సావా నది వెళ్లి డాన్యూబ్‌లో కలిసేచోట కలెమెగ్దాన్ అనే పాత కోట ఉంది. ఆ కోట దగ్గరే ఆరుబయలు కోర్టులో ఆడుకునేవాళ్లు. ఇప్పుడు మీవాడు చూసే మెరిసే చెక్క ఫ్లోర్, వేలమంది జనం, ఇవేవీ లేవు. జట్టును కూడగట్టింది నెబోయ్షా పోపొవిచ్, అప్పటికి ఇరవై దాటిన కుర్రాడు. ఆయనే ఆటగాడు, ఆయనే కోచ్. సెర్బియా అప్పట్లో యుగోస్లావియా అనే పెద్ద దేశంలో భాగం, ఆ దేశం ఇప్పుడు లేదు. 1946 నుంచి 1955 వరకు ఆ యుగోస్లావియా ఛాంపియన్‌షిప్‌ను రెడ్ స్టార్ వరసగా పదిసార్లు గెలిచింది.

సెర్బియాలో బాస్కెట్‌బాల్ గురించి మాట్లాడితే నాలుగు పేర్లు కలిపి చెబుతారు. పోపొవిచ్, బోరిస్లావ్ స్టాంకొవిచ్, అలెక్సాందర్ నికొలిచ్, రదొమిర్ షాపెర్. యుగోస్లావియా బాస్కెట్‌బాల్‌కు పునాది వేసింది వీళ్లేనని అక్కడి లెక్క. ఈ నలుగురూ కోర్టు బయట ఏం చేశారో మీవాడిని అడగండి. బహుశా తెలియకపోవచ్చు.

స్టాంకొవిచ్‌నే తీసుకోండి. అందరూ బోరా అనేవాళ్లు. రెడ్ స్టార్‌కు ఆడాడు, తర్వాత బెల్‌గ్రేడ్‌లోనే ఇంకో రెండు క్లబ్‌లకు ఆడాడు, దేశానికి 36 మ్యాచ్‌లు ఆడాడు. ఆడుతూనే బెల్‌గ్రేడ్ యూనివర్సిటీలో పశువైద్యం చదివి డిగ్రీ తీసుకున్నాడు. అవునండీ, మన పశువుల డాక్టర్ చదువే. ఆ తర్వాత ఏళ్ల తరబడి మాంసం నాణ్యత తనిఖీ చేసే వెటర్నరీ ఇన్‌స్పెక్టర్‌గా ఉద్యోగం చేశాడు. పగలు ఉద్యోగం, మిగతా వేళల్లో కోచింగ్. ఓకేకే బెయొగ్రాద్ అనే క్లబ్‌కు కోచ్‌గా దేశ టైటిళ్లు సాధించి, ఇటలీ వెళ్లి 1968లో కంతూ జట్టుకు అక్కడి లీగ్ గెలిపించాడు. 1976లో ఫీబాకు, అంటే ప్రపంచ బాస్కెట్‌బాల్ సమాఖ్యకు, సెక్రటరీ జనరల్ అయ్యాడు. 2002 దాకా ఆ కుర్చీలో ఆయనే. 1989లో మ్యూనిక్‌లో ఓటింగ్ పెట్టించి, అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఆటగాళ్లకు ఒలింపిక్స్ తలుపు తెరిపించింది కూడా ఆయన హయాంలోనే. అనుకూలంగా 56 ఓట్లు, వ్యతిరేకంగా 13. మైకేల్ జోర్డాన్, మ్యాజిక్ జాన్సన్ 1992లో బార్సిలోనాలో ఆడారంటే ఆ ఓటు పుణ్యమే. ఒక పశువైద్యుడు ఈ ఆట రూపురేఖలే మార్చేశాడు. ఎంత ఎత్తు ఎగిరాడో లెక్కబెడితే ఇది జరిగేది కాదు కదా.

నికొలిచ్‌ను అక్కడ ప్రొఫెసర్ అనే పిలిచేవాళ్లు. అది ముద్దుపేరు మాత్రమే కాదు, వ్యాయామ విద్య కాలేజీలో నిజంగానే పాఠాలు చెప్పాడు. ఇటలీలోని వరేసే జట్టుకు 1970, 1972, 1973లో యూరప్ ఛాంపియన్స్ కప్ గెలిపించి ఇంటికి వచ్చాడు. 1974లో ఊదినేలో జరిగిన కప్ విన్నర్స్ కప్ ఫైనల్లో రెడ్ స్టార్‌ను గెలిపించాడు. చెకోస్లొవాకియా జట్టు బర్నో మీద 86–75. బెల్‌గ్రేడ్‌లో రెడ్ స్టార్ ఆడే పాత పియొనీర్ హాలుకు ఇప్పుడు ఆయన పేరే పెట్టారు. ఇంకో విషయం చెబితే మీవాడికి ముల్లు గుచ్చుకున్నట్టు ఉంటుంది: 1992లో అదే ఊరి క్లబ్, ఆగర్భ శత్రువు పార్టిజాన్ యూరప్ ఛాంపియన్ అయినప్పుడు, వాళ్ల కొత్త కోచ్ జెల్కో ఒబ్రదొవిచ్ పక్కన సలహాదారుగా కూర్చున్నది ఈ నికొలిచే. పాఠం చెప్పేవాడికి జెర్సీ రంగుతో పని లేదు.

షాపెర్ టెక్నాలజీ ప్రొఫెసర్. ఫీబా సాంకేతిక కమిషన్‌కు ఏళ్లపాటు నాయకత్వం వహించాడు. 1984లో అంతర్జాతీయ ఆటలో మూడు పాయింట్ల గీత, అంటే దాని బయట నుంచి వేస్తే రెండుకు బదులు మూడు పాయింట్లు వచ్చే గీత, వచ్చిందంటే అందులో ఆయన చేయి ఉంది. మీవాడు రోజూ ప్రాక్టీసు చేసే షాట్ అదే అయ్యుంటుంది. పోపొవిచ్ సంగతి చెప్పనే లేదు, ఆయన జర్నలిజం, టెలివిజన్ వైపు వెళ్లాడు.

తర్వాతి తరంలో కూడా ఒకాయన నాకు చాలా ఇష్టం. లుబొద్రాగ్ సిమొనొవిచ్. 1970లో ప్రపంచ ఛాంపియన్ అయిన యుగోస్లావియా జట్టు సభ్యుడు, రెడ్ స్టార్ స్టార్ ఆటగాడు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో తమను ఓడించిన ప్యూర్టోరికో జట్టులో ఒక ఆటగాడు డోపింగ్‌లో దొరికినా ఫలితం మార్చలేదని, నిరసనగా పోటీల మధ్యలోనే వెళ్లిపోయాడు. లా చదివాడు, తత్వశాస్త్రంలో డాక్టరేట్ చేశాడు, వృత్తి క్రీడల వ్యాపారం మీద ఘాటుగా పుస్తకాలు రాశాడు. ఆయన రాసిందంతా ఒప్పుకోనక్కర్లేదు. ఆట అయిపోయాక కూడా చెప్పడానికి ఆయన దగ్గర ఏదో ఉంది, నేను చూసేది అది.

కాబట్టి మీవాడి ప్రశ్నకు జవాబు ఇదీ: వాళ్లు పుస్తకాలు పట్టుకుని కూర్చున్నారు. కూర్చున్నారు కాబట్టే ఆ తరం నుంచి ఆటగాళ్లతో పాటు కోచ్‌లు, నిర్వాహకులు, రూల్సు రాసేవాళ్లు వచ్చారు. అయితే నిజాయితీగా ఒక మాట. అప్పట్లో బాస్కెట్‌బాల్‌లో డబ్బు లేదు, చదువు, ఉద్యోగం తప్పనిసరి. ఇప్పుడు యూరోలీగ్, అంటే యూరప్ క్లబ్‌ల అగ్రశ్రేణి పోటీ, స్థాయి ఆటగాడికి అదే పూర్తికాలం ఉద్యోగం. "అప్పటి రోజులు వేరు" అని మీవాడు వాదిస్తే అందులో సగం నిజం ఉంది, కొట్టిపారేయకండి.

మిగతా సగం ఆ క్లబ్ చరిత్రలోనే ఉంది. పదేళ్లు వరసగా గెలిచిన జట్టు 1955 తర్వాత మళ్లీ లీగ్ గెలవడానికి 1969 దాకా ఆగాల్సి వచ్చింది. 1972లో ఇంకోసారి. ఆ తర్వాత 1993 దాకా లీగ్ టైటిల్ లేదు, 21 ఏళ్లు. ఆ ఏళ్లలో ఒక కుర్రాడు అక్కడ చేరి, 35 ఏళ్లకు రిటైరై, ఒక్క లీగ్ టైటిల్ కూడా చూడకుండా ఇంటికి వెళ్లి ఉండొచ్చు. 1993, 1994, 1998లో గెలిచాక మళ్లీ 2015 వరకు కరువే. మధ్యలో అప్పులు, ఆర్థిక ఇబ్బందులు. 2015 నుంచి ఏడ్రియాటిక్ లీగ్ (పాత యుగోస్లావియా ప్రాంతపు క్లబ్‌ల పోటీ) టైటిళ్లు వరసగా రావడం మొదలయ్యాక మీవాడి తరం ఆ క్లబ్‌ను చూసింది. వాళ్లకు కనిపించేది పంట చేతికొచ్చిన చేను. దుక్కి, విత్తనం, ఎండిపోయిన ఏళ్లు మీకు తెలిసినంతగా వాడికి తెలియదు. ఈ ఒక్క విషయంలో మీరే వాడికి కోచ్.

ఇప్పుడు ఆ నాలుగు లక్షలు. ఫీబా నిబంధనల ప్రకారం 18 ఏళ్లు నిండని ఆటగాడు ఒక దేశం నుంచి ఇంకో దేశం క్లబ్‌కు మారడం మామూలుగా కుదరదు. ప్రత్యేక సందర్భాల్లో మాత్రమే అనుమతిస్తారు, అప్పుడు కూడా ఆ పిల్లాడి చదువుకు కొత్త క్లబ్ ఏం ఏర్పాటు చేస్తుందో చూపించాలి. చూశారా, చదువు మానేసి వెళ్దామనుకుంటే అక్కడ కూడా చదువే అడుగుతారు. డబ్బు కట్టి వెళ్లే సమ్మర్ క్యాంపులు వేరు. రెండు మూడు వారాలు ఆడించి, సర్టిఫికెట్ ఇచ్చి పంపుతారు. అవి మోసం కాదు, కానీ అవి క్లబ్‌లో సీటు కాదు. కొందరు ఏజెంట్లు ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడతారు. నా దగ్గరకు వచ్చిన ఒక కుటుంబం ఇలాగే అడ్వాన్స్ కట్టి, చివరికి చేతిలో క్యాంపు రసీదుతో మిగిలింది. సెర్బియాకు వీసా అక్కర్లేదని ఇంకా చెప్పేవాళ్లు ఉన్నారు. 2023 జనవరి 1 నుంచి భారతీయులకు వీసా తప్పనిసరి. మీ కన్సల్టెంట్‌ను ఒకటే అడగండి: ఏ క్లబ్, ఏ వయసు జట్టు, క్లబ్ లెటర్‌హెడ్ మీద కాగితం ఏదీ? ఫోన్‌లో చెప్పేది వద్దు.

మీవాడి చదువు విషయానికి వస్తే, ఇంటర్ పూర్తి చేయించండి. దానికి మించి ఇప్పుడు ఏదీ తేల్చనక్కర్లేదు. అండర్-18 రాష్ట్ర జట్టు సెలెక్షన్స్‌కు వెళ్లనివ్వండి, పరీక్షల పేరు చెప్పి కోర్టు మాన్పించకండి. రాష్ట్ర జట్టులో చోటు దొరికి జాతీయ పోటీల్లో ఆడితే రైల్వేస్ లాంటి చోట్ల క్రీడా కోటా ఉద్యోగాల దారి తెరుచుకుంటుంది. దొరక్కపోతే, 18 ఏళ్లకు ఆ సంగతి తెలియడం మంచిదే. ఆడిన ప్రతి టోర్నమెంటు సర్టిఫికెట్ ఒరిజినల్ జాగ్రత్తగా దాచండి. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో క్రీడా కోటా ఉంది, అక్కడ ఏ స్థాయిలో ఆడాడన్నదే లెక్క.

ఆటలోనే ఉండిపోవాలంటే ఆటగాడే కానక్కర్లేదు. వ్యాయామ విద్య ప్రవేశ పరీక్ష పీఈసెట్ రాసి ఇంటర్ తర్వాత యూజీడీపీఈడీ అనే డిప్లొమా, డిగ్రీ తర్వాత బీపీఈడీ అనే డిగ్రీ చేయొచ్చు. పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్ఐఎస్) కోచింగ్ డిప్లొమాకు డిగ్రీ, ఆడిన అనుభవం రెండూ కావాలి. ఫిజియోథెరపీ అనుకుంటే ఒక చిక్కు ఉంది, మన దగ్గర ఆ డిగ్రీకి, అంటే బీపీటీకి, సాధారణంగా బైపీసీ అడుగుతారు, మీవాడు ఎంపీసీ. దాని గురించి బెంగపడకండి. ఎంపీసీ వాడికి సరిపడే పని ఒకటి ఈ ఆటలో బాగా పెరిగింది. ఎవరు ఎక్కడి నుంచి ఎన్ని షాట్లు వేశారు, ఎన్ని పడ్డాయి, ఏ అయిదుగురు కోర్టులో ఉన్నప్పుడు జట్టు ముందంజలో ఉంది అని వీడియో చూసి లెక్కలు తీసి కోచ్‌కు ఇచ్చే పని. లెక్కలు, కొంచెం ప్రోగ్రామింగ్, ఆట తెలిసిన కళ్లు ఉండాలి. మూడోది వాడికి ఇప్పటికే ఉంది.

రాత్రి మ్యాచ్‌ల గురించి అడగలేదు గానీ చెబుతాను. అక్కడ రాత్రి ఎనిమిదికి మొదలైతే చలికాలంలో మనకు పన్నెండున్నర. వారం మధ్యలో లైవ్ వద్దని గట్టిగా చెప్పండి. ఆదివారం పొద్దున రికార్డింగ్ చూడనివ్వండి, కానీ చేతిలో నోటుపుస్తకం ఉండాలి. కోర్టు బొమ్మ గీసుకుని, రెడ్ స్టార్ వేసిన ప్రతి షాట్‌కు గుర్తు పెట్టమనండి. పడితే చుక్క, పడకపోతే అడ్డగీత. రెండో క్వార్టర్‌కే విసుగొచ్చి మూసేస్తే అదీ ఒక సమాచారమే. పది మ్యాచ్‌లు నిండితే ఆ పుస్తకం ఫొటోలు తీసి నాకు పంపండి, అప్పుడు డిగ్రీ కోర్సుల గురించి మాట్లాడదాం.