న్యాయ సలహా: ‘ముగ్గురెక్కినారు, మీకేమీ రాదంటున్నారు’

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. మా పిల్లోడు అనంతపురంలో బీటెక్ మూడో సంవత్సరం, వయసు 20. నాలుగు నెలల కిందట రాత్రి పదిన్నరప్పుడు ఇద్దరు స్నేహితులతో ఒకే బైకు మీద రాప్తాడు వైపు నుంచి హాస్టల్‌కు వస్తున్నారు. మావాడు నడుమ కూర్చున్నాడు. హైవే మీద చెడిపోయి నిలబెట్టిన లారీని వెనక నుంచి గుద్దుకున్నారు. లారీకి లైట్లు లేవు. వెనక నాలుగు రాళ్లు, ఒక కానుగ కొమ్మ పెట్టినారు, అంతే. మావాడికి కుడికాలు మోకాలి కింద తీసేసినారు. ఆసుపత్రికి 4 లక్షల 60 వేలయింది. శెనక్కాయ పంటకు తెచ్చిన అప్పే తీరలేదు, దాని మీద ఇది. స్టేషన్లో బైకు నడిపిన పిల్లోడి మీదనే కేసు రాసినారు. “ఆగిన బండిని మీరే గుద్దినారు, పైగా ముగ్గురు, మీకేమీ రాదు” అంటున్నారు. లారీ ఓనరు తరఫున ఒకాయన వచ్చి 80 వేలు ఇస్తాం, స్టాంపు పేపరు మీద సంతకం పెట్టండి అంటున్నాడు. పెట్టేదా?
(ఒక తల్లి, అనంతపురం జిల్లా)

జవాబు: పెట్టొద్దమ్మా. మిగతా జవాబు తర్వాత చదువుకున్నా సరే, ఆయన మళ్లీ వస్తే మాత్రం సంతకం పెట్టొద్దు, ఫోన్‌పేలో డబ్బు వేస్తామన్నా తీసుకోవద్దు. రేపు మోటారు ప్రమాదాల పరిహారం తేల్చే కోర్టులో, అంటే ట్రిబ్యునల్లో, మీరు అడిగేటప్పుడు ఆ కాగితాన్నే మీ ఎదుట పెడతారు. ఇరవై ఏళ్లకు పైగా అనంతపురం కోర్టులో మోటారు ప్రమాదాల కేసులే చూస్తున్నాను. నా దగ్గరికి ఆలస్యంగా వచ్చిన ఒక తండ్రి ఇట్లాగే 60 వేలకు సంతకం పెట్టి వచ్చినాడు. ఆ కేసులో నేను పడిన పాట్లు, ఆ పిల్లవాడు కర్రల మీద కోర్టు మెట్లెక్కిన తీరు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉన్నాయి.

“మీరే గుద్దినారు” అనే మాట దగ్గరికి వద్దాం. ఎఫ్ఐఆర్‌లో బైకు పిల్లవాడి పేరు రాసినంత మాత్రాన తప్పంతా అతనిదే అయిపోదు. ఎఫ్ఐఆర్ తీర్పు కాదు. తప్పు ఎవరిది, ఎంతెంత అనేది ట్రిబ్యునల్ సాక్ష్యాన్ని చూసి తేలుస్తుంది, అదీ క్రిమినల్ కేసులో అడిగేంత గట్టి రుజువు లేకుండానే. చీకట్లో హైవే మీద బండి ఆపినవాడు పార్కింగ్ లైట్లు వేయాలి, వెనక ఎర్ర త్రికోణం పెట్టాలి. రాళ్లు, చెట్టుకొమ్మ పెడితే సరిపోదు. లైట్లు లేకుండా రోడ్డు నడుమ ఆగిన ట్యాంకరును కారు గుద్దుకున్న కేసులో 2018లో సుప్రీంకోర్టు కారు నడిపినవారి తప్పు లేదనే చెప్పింది.

ముగ్గురు ఎక్కిన సంగతి. అది నేరమే, జరిమానా పడుతుంది, పిల్లలు మానుకోవాలి. కానీ ముగ్గురు ఎక్కడం వల్లనే ప్రమాదం జరిగిందని, లేదా దానివల్లనే దెబ్బ పెద్దదయిందని ఎదుటివాళ్లు నిరూపిస్తే తప్ప నష్టపరిహారం తగ్గించకూడదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. ఇన్సూరెన్స్ కంపెనీ వకీలు ఈ మాట తప్పకుండా ఎత్తుతాడు. మీ వకీలు ఆ తీర్పు చేతిలో పెట్టుకుని ఉండాలి.

ఇంకోటి, మీకు అన్నిటికన్నా పనికొచ్చేది. మీ అబ్బాయి బండి నడపలేదు, వెనక కూర్చున్నాడు. తప్పు బైకు పిల్లవాడిది కొంత, లారీవాడిది కొంత అని తేలినా మీవాడికి అందులో భాగం లేదు. ఇద్దరి తప్పు కలిసి మూడోవాడికి నష్టం జరిగితే, ఆ మూడోవాడు మొత్తం సొమ్మును ఇద్దరిలో ఎవరి దగ్గరైనా వసూలు చేసుకోవచ్చని 2015లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అంటే లారీ ఇన్సూరెన్స్ కంపెనీ మీకు మొత్తం కట్టి, బైకు వాటా సంగతి వాళ్లూ వాళ్లూ చూసుకోవాల్సి ఉంటుంది. బైకుకు ఉత్త థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే వెనక కూర్చున్నవాళ్లకు అది వర్తించదు. అందుకే లారీ పాలసీ మీకు ప్రాణం. పిటిషన్‌లో లారీ డ్రైవరు, ఓనరు, లారీ ఇన్సూరెన్స్ కంపెనీతో పాటు బైకు ఓనరునూ, దాని ఇన్సూరెన్స్‌నూ ప్రతివాదులుగా చేర్చమనండి. స్నేహితుడి మీద ఎట్లా వేయాలని మొహమాటపడొద్దు. అతన్ని జైలుకు పంపే కేసు కాదిది.

ఆ రాళ్లు, కానుగ కొమ్మ ఫొటో ఎవరి దగ్గరైనా ఉందా? మీ లేఖలో అంత వివరంగా రాసినారంటే మీరో, మీ ఆయనో మరుసటి రోజు పోయి చూసి ఉంటారనుకుంటున్నాను. ఫొటో తీసి ఉంటే ఆ ఫోను మార్చొద్దు, అమ్మొద్దు, ఫొటోను వాట్సాప్‌లో పంపించుకుని అసలుది తుడిపేయొద్దు. కోర్టులో ఫోను ఫొటో చెల్లాలంటే దానికి ఒక సర్టిఫికెట్ జతచేయాలి, వకీలు రాయిస్తారు. స్టేషన్ నుంచి ఎఫ్ఐఆర్, పంచనామా, రఫ్ స్కెచ్, ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు) తనిఖీ నివేదిక నకళ్లు తెచ్చుకోండి. స్కెచ్‌లో లారీ చక్రాలు తెల్లగీత దాటి రోడ్డు పక్కన ఉన్నాయో, బండ్లు పోయే తారు మీదనే ఉన్నాయో చూడండి. ఆ ఒక్క గీతే మీ కేసు సగం. దర్యాప్తు ఒకవైపే నడుస్తోందని అనిపిస్తే మీ ఆయన, ఆ మూడో పిల్లవాడు కలిసి ఎస్పీ గారికి రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి, రసీదు తీసుకోండి.

ఇక మొత్తం ఎంత అని అడుగుతారు. కాలు పోయినవాడికి డాక్టరు రాసే శాతం ఒకటి, అతని బతుకుకు కలిగిన నష్టం శాతం ఒకటి. ఈ రెండూ వేరని సుప్రీంకోర్టు 2010లో స్పష్టంగా చెప్పింది. చదువుకునే పిల్లవాడికి జీతం లేదు కదా అంటారు. 2010లో చివరి ఏడాది ఇంజనీరింగ్ విద్యార్థి ఒకతనికి 70 శాతం వైకల్యం వస్తే, చదువు పూర్తయ్యాక అతను సంపాదించేవాడని ఏడాదికి 60 వేలు లెక్కగట్టినారు. ప్రమాదం ఎప్పుడో 1993 నాటిది కాబట్టి అంత. మీ అబ్బాయికి లెక్క ఎట్లా పోతుందో ఊహకు చూద్దాం. నెలకు 15 వేలు వచ్చేదని ట్రిబ్యునల్ అనుకుంటే ఏడాదికి 1,80,000. నలభై లోపు వయసుకు భవిష్యత్తు పెరుగుదల 40 శాతం కలిపితే 2,52,000. సంపాదన నష్టం 50 శాతమని తేలితే 1,26,000. పదిహేను నుంచి 25 ఏళ్ల వయసుకు గుణకం (ఏడాది నష్టాన్ని హెచ్చవేసే అంకె) 18. అంటే 22,68,000. ఇది నేను ఊహించిన జీతంతో వేసిన లెక్క, మీ తీర్పు కాదు. దీనికి ఆసుపత్రి ఖర్చు, నొప్పికి, తోడు ఉన్నవాళ్లకు, కృత్రిమ కాలుకు వేరు. కృత్రిమ కాలు ఒకసారి కొంటే జీవితాంతం రాదు, మార్చుకుంటూ పోవాలి, ఆ ఖర్చు తప్పక అడగాలి. ఈ లెక్క పక్కన ఆ 80 వేలు పెట్టి చూడండి.

గడువు మాత్రం గుర్తుపెట్టుకోండి. 2022 ఏప్రిల్ 1 నుంచి ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు పిటిషన్ వేయాలనే నిబంధన వచ్చింది. దాని మీద సుప్రీంకోర్టులో సవాళ్లు నడుస్తున్నాయి గానీ, వాటిని నమ్ముకుని కూర్చోవద్దు. మీకు ఇంకా రెండు నెలలే ఉంది. మీరు ఉండే చోటు పరిధిలోని ట్రిబ్యునల్లోనైనా వేయవచ్చు, ప్రమాదం జరిగిన చోటైనా వేయవచ్చు. వైకల్యం సర్టిఫికెట్ కోసం సదరం (వైకల్యాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ప్రభుత్వ) క్యాంపు తేదీ ఇప్పుడే తీసుకోండి, అది చేతికొచ్చేదాకా పిటిషన్ ఆపొద్దు. తర్వాత దాఖలు చేయవచ్చు. లోక్ అదాలత్‌లో రాజీ మంచిదే, కానీ చికిత్స పూర్తికాకుండా పోవద్దు. అక్కడ తేలినదానికి అప్పీలు ఉండదు.

ప్రశ్న: నా తమ్ముడు డిగ్రీ చదువుతూ అనంతపురం బైపాస్‌లో లారీ గుద్ది చనిపోయినాడు. లారీ ఆగలేదు, నెంబరు ఎవరూ చూడలేదు. మాకు దిక్కేమిటి?
(ఒక అన్న, ధర్మవరం)

జవాబు: నాయనా, ముందు లారీని వెతికించండి. ఆ దారిలో పోయే లారీ మరూరు, కాసేపల్లి టోల్ ప్లాజాల్లో ఏదో ఒకటి దాటి ఉండవచ్చు. ఆ కెమెరాల రికార్డు ఎక్కువ రోజులు ఉండదు, కాబట్టి ప్రమాదం జరిగిన గంట ముందూ వెనకా ఫుటేజీ తీసుకోమని దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా ఇయ్యండి. లారీ దొరికితే మామూలు క్లెయిమ్ వేయవచ్చు, దాంట్లో వచ్చే సొమ్ముకు పరిమితి లేదు.

దొరకకపోతే గుద్ది పారిపోయిన కేసుల పథకం ఉంది. 2022 నుంచి మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు. దరఖాస్తు రెవెన్యూ డివిజన్ క్లెయిమ్స్ ఎంక్వైరీ ఆఫీసరుకు ఇవ్వాలి, మంజూరు చేసేది కలెక్టరు. ఈ దారి ఉందని చాలామంది కుటుంబాలకు ఎవరూ చెప్పరు. నా దగ్గరికి వచ్చేసరికి ఏడాది దాటిపోయి ఉంటుంది. మీరు ఈ వారమే ఆర్డీవో ఆఫీసుకు పోండి.

ప్రశ్న: వచ్చిన దాంట్లో నాలుగోవంతు ఇస్తే కేసు తీసుకుంటామని ఒక వకీలు ఆసుపత్రికే వచ్చి అడిగినాడు. ఇది పద్ధతేనా?
(ఒక పాఠకురాలు, తాడిపత్రి)

జవాబు: కాదు. వచ్చే సొమ్ములో వాటా మాట్లాడుకోవడాన్ని బార్ కౌన్సిల్ నియమాలే నిషేధించినాయి. ఆసుపత్రి మంచం దగ్గర వకాలత్ మీద సంతకం తీసుకునేవాళ్లను నమ్మొద్దమ్మా. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును పెడుతుంది. కోర్టు ఆవరణలోని వాళ్ల ఆఫీసుకు ఆధార్, ఎఫ్ఐఆర్ నకలు తీసుకుపోండి, లేదా 15100కు ఫోన్ చేయండి. పరిహారం మంజూరైతే డబ్బు మీ పేరు మీదున్న ఖాతాలోకే నేరుగా పడేట్టు పాస్‌బుక్ జెరాక్స్ కేసు కాగితాలతోనే దాఖలు చేయించండి.