పర్యావరణహిత నిర్మాణ సామగ్రి రంగంలో ఇంజనీరు పని ఎలా ఉంటుంది?

సివిల్ చదివినవాళ్లకు ఈ రంగంలో భవిష్యత్తు ఉందా, చేసే పనేమిటి అని అడిగారు. భవిష్యత్తు తప్పకుండా ఉంది. నేను బూడిద ఇటుకల యూనిట్‌లో క్వాలిటీ ఇంజనీరుగా మొదలై, ఇప్పుడు క్లింకర్ (సున్నపురాయి, మట్టి కలిపి కాల్చి చేసే, సిమెంట్‌కు మూలమైన గడ్డలు) తక్కువ వాడే సిమెంట్ల మీద పనిచేస్తున్నాను. నా అనుభవంలో ల్యాబ్‌లో బలం తెప్పించడం సులువు. ప్రతి లోడులోనూ అదే నాణ్యత నిలబెట్టి, మేస్త్రి నమ్మకం సంపాదించడమే అసలు పని.

థర్మల్ కేంద్రం బూడిద ఒక్క నీళ్లతో గట్టిపడదు. సున్నం తోడైతే అందులోని సిలికా, అల్యూమినా చర్య జరిపి బిగుసుకుంటాయి. దీనికి జిప్సం కూడా చేర్చి, బట్టీ అవసరం లేకుండా ఇటుక చేసే ఫాల్-జి పద్ధతి మన విశాఖపట్నంలోనే, ఇన్స్వారెబ్ సంస్థలో ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ గార్ల కృషితో వచ్చింది. ఈ రంగంలోకి వచ్చే తెలుగు ఇంజనీర్లు మొదట తెలుసుకోవాల్సిన పని అది.

అయితే బూడిద ఎప్పుడూ ఒకేలా రాదు. ఈఎస్పీ (పొగలోని బూడిదను పట్టే పరికరం) నుంచి తీసిన పొడి బూడిద మెత్తగా ఉంటుంది, చర్య బాగా జరుగుతుంది. యాష్ పాండ్ (బూడిదను నీళ్లతో కలిపి వదిలే చెరువు) నుంచి తవ్వింది ముతక, పైగా తడి. చౌక కదా అని అదే కొలతలో ఇది కలిపితే బలం పడిపోతుంది. ఇంకో చిక్కు, ఈ చర్య నెమ్మది. రెండు మూడు వారాలు తడి ఆరకుండా నీళ్లు పెట్టాల్సిన ఇటుకను ఆర్డరు తొందరలో లారీ ఎక్కిస్తే అంచులు రాలిపోతాయి. అది చేతికొచ్చిన మేస్త్రి ఇక ఏ సైట్‌కి వెళ్లినా "బూడిద ఇటుక వద్దు సార్" అంటాడు. అతని మాటలో తప్పేమీ లేదు. ఆ లారీని గేటు దగ్గరే ఆపించగలిగిన ఇంజనీరు కావాలి.

సిమెంట్‌లో చిక్కు ఇంకా లోతైనది. క్లింకర్ కోసం సున్నపురాయిలోని కాల్షియం కార్బొనేట్‌ను 100 కిలోలు కాలిస్తే 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది. ఇంధనం మార్చినా ఆ 44 కిలోలు తగ్గవు, కాబట్టి క్లింకర్‌నే తగ్గించాలి. ఎల్‌సీ3 అనే కొత్త రకం సిమెంట్‌లో క్లింకర్ సుమారు 50 శాతమే; కాల్చిన బంకమట్టి 30, సున్నపురాయి పొడి 15, జిప్సం 5. క్లింకర్‌కు 1450 డిగ్రీలు కావాలి, ఈ మట్టికి 700–850 చాలు. మన దేశంలో 2023లో దీనికి ఐఎస్ 18189 ప్రమాణం వచ్చింది.

ఇక్కడా కథ సైట్‌కే చేరుతుంది. మట్టిలో ఇనుము ఉంటే సిమెంట్‌కు ఎర్రని ఛాయ వస్తుంది, కొనేవాళ్లకు బూడిద రంగే కావాలి. మాలు బిగుతుగా ఉందని కూలీ ఇంకో బకెట్ నీళ్లు పోస్తే బలం పోతుంది. మట్టిని చల్లార్చే తీరు మార్చి రంగు సరిచేయడం, తగిన అడ్మిక్స్చర్ (మాలులో కొద్దిగా కలిపే రసాయనం) వెతకడం, ఇప్పుడు నా రోజులు ఎక్కువగా వీటితోనే గడుస్తాయి. చాలా ఇష్టంగా చేస్తాను.

ఎంటెక్‌లో మెటీరియల్స్ వైపు వెళ్లండి, కెమిస్ట్రీని వదలకండి. సిమెంట్, ఆర్‌ఎంసీ (రెడీ మిక్స్ కాంక్రీట్), అడ్మిక్స్చర్ కంపెనీలలో అవకాశాలున్నాయి. పరిశోధనకైతే రూర్కీలో సీబీఆర్‌ఐ (కేంద్ర భవన పరిశోధన సంస్థ), బల్లభ్‌గఢ్‌లో ఎన్‌సీబీ (సిమెంట్, నిర్మాణ సామగ్రి జాతీయ మండలి) ఉన్నాయి. మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ స్నేహితులంత ఉండదు, ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ ఇంకా ఖాయం కాకపోతే, ఇబ్రహీంపట్నమో రామగుండమో, మీకు దగ్గరున్న కేంద్రం బూడిదను వేర్వేరు వారాల్లో తెచ్చి మెత్తదనం, 28 రోజుల బలం పోల్చి చూడండి. ఇంటర్వ్యూలో నేనైతే ముందు దాని గురించే అడుగుతాను.