‘గ్యాస్’ ఆల్బమ్‌లలో అంత గొప్పగా చెప్పుకోవడానికి ఏముంది?

‘గ్యాస్’ పేరుతో వచ్చిన ‘కోనిగ్స్‌ఫోర్స్ట్’ ఆల్బమ్‌లో గంటసేపు ఒకే దరువు వినిపిస్తుంటే విమర్శకులు దాన్ని ఎందుకంత నెత్తిన పెట్టుకున్నారని మీరు అడిగారు. మొదటిసారి విన్నప్పుడు నేనూ మూడో ట్రాక్ మధ్యలోనే ఆపేశాను కాబట్టి మీ అసహనం నాకు బాగా అర్థమవుతుంది.

జర్మనీలోని కొలోన్ నగరానికి చెందిన ఎలక్ట్రానిక్ సంగీతకారుడు వోల్ఫ్‌గాంగ్ ఫోక్ట్ 1996 నుంచి 2000 వరకు ‘గ్యాస్’ అనే పేరుతో నాలుగు ఆల్బమ్‌లు చేశారు. పాత ఆర్కెస్ట్రా రికార్డుల నుంచి చిన్న చిన్న ముక్కలు తీసుకుని, అసలు రాగం ఆనవాలు పట్టలేనంతగా సాగదీసి, తిప్పి తిప్పి వినిపిస్తూ, వాటి అడుగున నాలుగు గోడల అవతల మోగుతున్నట్టుండే బేస్ డ్రమ్‌ను పెట్టడం ఆయన పద్ధతి. మన తంబూరతో పోల్చాలనిపిస్తుంది కానీ, తంబూర గాయకుడి కోసం శ్రుతి పట్టి ఉంచుతుంది. ఇక్కడ ఎంతసేపు ఎదురుచూసినా ఏ గాయకుడూ రాడు. ఆ ఎదురుచూపు మానుకున్న తర్వాతే నాకు లోపలి కదలికలు వినిపించాయి: తిరిగి తిరిగి వచ్చే ఆ ముక్క (లూప్) ఒకచోట మొదలై, దరువు మరోచోట పడుతూ, రెండూ కలిసినట్టే కలిసి మళ్లీ విడిపోతుంటాయి.

సమీక్షలలో పదే పదే కనిపించే మాటలు అడవి, పొగమంచు, జర్మన్ స్వరకర్త వాగ్నర్. అందుకు ఫోక్ట్ కూడా కారకులే. అట్టల మీద చెట్ల ఫొటోలు వేశారు, అడవిని డిస్కోలోకి తీసుకురావాలన్నది తన కోరికని చెప్పారు. అడవినీ వాగ్నర్‌నూ కలిపి జర్మన్ ఆత్మగా చూపడంలో నాజీల చరిత్ర నీడ ఉందని ఇబ్బంది పడినవారూ ఉన్నారు, ఆ ఇబ్బంది న్యాయమైనదే.

అయితే కొలోన్‌లో చదువుకునే రోజుల్లో ఆ ఆల్బమ్‌కు పేరిచ్చిన కోనిగ్స్‌ఫోర్స్ట్ అడవికి నేను వెళ్లాను. 9వ నంబరు ట్రామ్ ఎక్కితే చివరి స్టాప్ అదే. ఎండుటాకుల మీద నడుస్తూ ఆ ఆల్బమ్ వింటుంటే, వినిపిస్తున్న చిటపట పాత రికార్డు మీది గీతలదో, నా కాళ్ల కింది ఆకులదో తెలియక ఒక ఇయర్‌ఫోన్ తీసి చూశాను. అప్పుడు చెవిన పడింది పక్కనుంచి పోయే హైవే హోరు. సమీక్షలు చదివి నేను ఊహించుకున్న ఆదిమారణ్యం అక్కడ లేదు. నగరం ఎప్పుడూ వినిపిస్తూనే ఉండే అడవి అది. ఆ దూరపు డ్రమ్ నాకు ఆ నగరంలాగే వినిపించింది. విమర్శకుల మెచ్చుకోలు సరైనదేనని నా నమ్మకం, కానీ చాలామంది అడవిని వర్ణించినంత శ్రద్ధగా ఆ నగరాన్ని పట్టించుకోలేదు.

ఈ ఆదరణ నిలబడింది కూడా. 2008లో కొలోన్‌కే చెందిన, ఫోక్ట్ భాగస్వామిగా ఉన్న కొంపాక్ట్ రికార్డు సంస్థ నాలుగు ఆల్బమ్‌లనూ ఒకే పెట్టెగా మళ్లీ విడుదల చేసింది. 2017లో ‘నార్కోపాప్’ ఆల్బమ్‌తో ఆయన ఈ పేరుకు తిరిగివచ్చారు.

మీరు మళ్లీ ప్రయత్నిస్తానంటే, 2000లో వచ్చిన ‘పాప్’తో మొదలుపెట్టండి. అందులో చాలా భాగం దరువు లేకుండానే సాగుతుంది. చివరి ట్రాక్ దాదాపు 15 నిమిషాలు ఉంటుంది. అంతవరకు ఆగి విన్నవారికి అక్కడ మోగే డ్రమ్, మీకు విసుగు పుట్టించిన దరువులా వినిపించదు.