క్రిప్టోలో మొదటిసారి డబ్బు పెడుతుంటే ముందు కొంచెం అమ్మి చూడండి

జీతంలో నెలకు కొంత మిగులుతోందని, క్రిప్టోలో, అంటే బిట్‌కాయిన్ లాంటి డిజిటల్ కాయిన్లలో, మొదటిసారి పెడదామనుకుంటున్నానని, పెట్టినవాళ్లు తమ అనుభవం చెప్పాలని ఒకరు అడిగారు. నేను 2021 నవంబరులో మొదలుపెట్టాను. అప్పుడు బిట్‌కాయిన్ 69 వేల డాలర్ల దాకా ఎగబాకింది, మన లెక్కలో ఒక్కోటీ యాభై లక్షల పైమాటే. అంత డబ్బు లేదని భయపడక్కర్లేదండీ. ఒక బిట్‌కాయిన్‌కు సతోషీలనే చిన్న ముక్కలు పది కోట్లు, కాబట్టి ఐదొందలకు కూడా ముక్క దొరుకుతుంది.

కాయిన్లు కొని అమ్మే యాప్‌లో, అంటే ఎక్స్ఛేంజీలో, పాన్, ఆధార్, ఒక సెల్ఫీ ఇస్తే కేవైసీ అయిపోయింది. డబ్బు పంపడం దగ్గరే తిప్పలు. బ్యాంకులు క్రిప్టో వ్యాపారాల జోలికి పోవద్దన్న రిజర్వ్ బ్యాంకు 2018 సర్క్యులర్‌ను సుప్రీంకోర్టు 2020 మార్చిలోనే కొట్టేసింది. అయినా చాలా బ్యాంకులు జంకుతూనే ఉండేవి. అందుకే నేను కొద్దిగా కొని, మర్నాడే అందులో కొంత అమ్మేసి, ఆ రూపాయలు నా ఖాతాలో పడేదాకా మళ్లీ పైసా పెట్టలేదు. మీరూ ఇదే చేయండి. యాప్‌లో కనిపించే అంకె వేరు, బ్యాంకు నుంచి వచ్చే మెసేజ్ వేరు.

ఆ తర్వాత ధర పడింది. 2022 జూన్‌కు 20 వేల డాలర్ల కిందికి వచ్చింది. శిఖరం మీద పదివేలు పెట్టినవాడికి దాదాపు మూడువేలు మిగిలిన రోజులవి. షేర్ మార్కెట్ అయితే మధ్యాహ్నం మూడున్నరకు మూసేస్తారు, శని ఆదివారాలు సెలవు. దీనికి రాత్రీ పగలూ లేదు, మెలకువ వస్తే చెయ్యి ఫోన్ మీదికే పోతుంది. ఇంటి ఖర్చుల డబ్బు అందులో లేదు కాబట్టి నేను కదపకుండా ఉండగలిగాను. 2024 డిసెంబరులో బిట్‌కాయిన్ లక్ష డాలర్లు దాటింది. అయితే పడినవన్నీ లేవవు. లూనా అనే కాయిన్ 2022 మే నెలలో 80 డాలర్ల దగ్గర్నుంచి వారం పది రోజుల్లో పైసా విలువ కూడా లేకుండా పోయింది.

కొత్తవాళ్లకు ఎవరూ సరిగ్గా చెప్పనిది పన్ను సంగతి. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్. లాభం నుంచి తీసేయనిచ్చేది కొన్న ధర ఒక్కటే. అన్నిటికంటే కష్టం నష్టాల దగ్గర. ఒక కాయిన్‌లో పదివేలు లాభం, ఇంకో కాయిన్‌లో పదివేలు నష్టం వచ్చాయనుకోండి. మీ చేతికి మిగిలింది సున్నా. ప్రభుత్వానికి మాత్రం 3,120 రూపాయలు కట్టాలి, ఎందుకంటే ఆ నష్టాన్ని లాభంలోంచి తీసేయనివ్వరు, వచ్చే ఏడాదికి మోసుకెళ్లనివ్వరు. ఒక కాయిన్ ఇచ్చి ఇంకోటి తీసుకున్నా అమ్మినట్టే లెక్క. చిన్న పెట్టుబడిదారుకు ఇది అన్యాయమనే నా గట్టి అభిప్రాయం. కానీ చట్టం మారేదాకా, రోజుకో కాయిన్ మార్చే ఆట మనలాంటివాళ్లకు గిట్టుబాటు కాదు. 2022 జూలై నుంచి అమ్మకం విలువ మీద ఒక శాతం టీడీఎస్ కూడా కోస్తున్నారు. లక్షకు వెయ్యి పోతుంది, రిటర్న్‌లో చూపించుకుంటే పన్నులో సర్దుబాటవుతుంది.

ఎక్స్ఛేంజీలో ఉంచితే భద్రమేనా అంటే, 2024 జూలైలో వజీర్‌ఎక్స్ అనే మన దేశపు ఎక్స్ఛేంజీ మీద హ్యాకర్లు పడి దాదాపు 23 కోట్ల డాలర్ల విలువైన కాయిన్లు పట్టుకుపోయారు. ఖాతాదారుల సొమ్ము నెలల తరబడి ఇరుక్కుపోయింది. ఎక్స్ఛేంజీతో పనిలేకుండా కాయిన్లు మన చేతిలోనే ఉంచే సొంత వాలెట్‌లో పెట్టుకోవచ్చు. కానీ అది ఇచ్చే, తాళంచెవి లాంటి 12 లేదా 24 పదాల వరుస పోతే డబ్బూ పోతుంది, ఫిర్యాదు చేయడానికి కౌంటర్ ఉండదు. ఇక క్రిప్టోలో పెడితే నెలనెలా ఇంత శాతం గ్యారంటీ, ఇంకో ఇద్దరిని చేర్పిస్తే కమీషన్ అని ఎవరైనా వస్తే, సొంత మేనమామ అయినా సరే, రూపాయి ఇవ్వకండి.

అమ్మిన ఏడాది రిటర్న్ వేసేటప్పుడు జీతగాళ్లకు అలవాటైన ఐటీఆర్-1 పనికిరాదు. ఐటీఆర్-2లో షెడ్యూల్ వీడీఏ అని క్రిప్టో లాంటి డిజిటల్ ఆస్తుల పట్టిక ఉంటుంది, కొన్న తేదీ, అమ్మిన తేదీ, రెండు ధరలూ వరుసగా అడుగుతుంది. యాప్ ఎన్నాళ్లుంటుందో చెప్పలేం కాబట్టి, లావాదేవీల స్టేట్‌మెంట్‌ను ఏటా మార్చి ఆఖర్లో దించుకుని మీ దగ్గర పెట్టుకోండి.