శుద్ధరాత్రిలో ఈ ‘నందరు’ ఎవరు?

సందేహం: ‘శుద్ధరాత్రి సద్ధణంగ నందరు నిద్రపోవ’ అని ఏటా క్రిస్మస్‌కు పాడుకుంటాం. ఈ ‘సద్ధణంగ’ ఏమిటి? ‘నందరు’ ఎవరు? తర్వాత వచ్చే ‘బరిశుద్ధుడౌ’ అచ్చుతప్పా? ‘సైలెంట్ నైట్’ అనే ఇంగ్లీషు పాటకు ఇది అనువాదమే కదా, అసలు రాసిందెవరు? (ఒక పాఠకురాలు)

సమాధానం: ‘నందరు’ ఎవరూ కారు. ‘నందగోపుడి తాలూకు వాళ్లా మాస్టారూ’ అని ఒక కుర్రాడు నన్నూ అడిగాడు. నవ్వొచ్చింది గానీ తప్పు వాడిది కాదు, మాటల్ని విరవకూడనిచోట విరిచి అచ్చువేసినవాళ్లది.

ముందు ‘సద్ధణంగ’ సంగతి. సద్దు అంటే చప్పుడు. సంస్కృత ‘శబ్దం’ మన నోట్లో నలిగి నలిగి సద్దు అయింది. ‘సద్దు చెయ్యకండి, పిల్లాడు లేస్తాడు’ అంటామే, అదే. అణగు అంటే తగ్గిపోవు. పద్యాల్లో, పాత పాటల్లో అది ‘అణంగు’ అవుతుంది. సద్దు అణంగన్ అంటే చప్పుడంతా అణగగా అని. ‘గొడవ సద్దుమణిగింది’ అని పేపర్లలో రోజూ చదివే మాటకు ఇది దగ్గరి చుట్టమే. కాబట్టి ఒత్తు ‘ధ’ అక్కర్లేదు, ‘సద్దణంగ’ అని రాయాలి. పక్కనే ‘శుద్ధ’ ఉండేసరికి దాని ఒత్తు దీనికీ అంటుకుని ఉంటుంది.

ఇక ‘అణంగన్’ చివర ఉన్న న్ ద్రుతం. దాని పక్కన అచ్చు వస్తే వెళ్లి దానితో కలుస్తుంది. అణంగన్ + అందరు = అణంగనందరు. పాడేటప్పుడు ‘సద్దణంగ’ దగ్గర ఊపిరి తీసుకుంటాం కాబట్టి అచ్చులోనూ అక్కడే ఖాళీ వదిలారు. ‘న’ అవతలికి పోయి ‘అందరు’ కాస్తా ‘నందరు’ అయి కూర్చున్నారు.

‘బరిశుద్ధుడౌ’ కూడా ద్రుతం పనే. ఈసారి పక్కన అచ్చు బదులు పరుషం వచ్చింది. ద్రుతం మీద క, చ, ట, త, ప వస్తే గ, జ, డ, ద, బ అవుతాయి. మేల్కొనగాన్ + పరిశుద్ధుడు = మేల్కొనగా బరిశుద్ధుడు. అచ్చుతప్పు కాదు, సరళాదేశ సంధి. రెండో చరణంలో ‘గొల్లవాండ్రకు దెలిపెను’, మూడో చరణంలో ‘ముఖంబున బ్రేమ’ కూడా ఇంతే. క్లాసులో సరళాదేశం చెప్పేటప్పుడు ఉదాహరణల కోసం ఎక్కడెక్కడో వెతుకుతాం, ఈ ఒక్క పాట చాలు. ఇప్పుడు కొందరు ‘పరిశుద్ధుడౌ’ అని దిద్ది వేస్తున్నారు. పాడటానికి ఇబ్బందేం లేదు, నాకు మాత్రం ‘బ’యే ఇష్టం.

మీ చివరి మాటతోనే నాకు పేచీ. ఇంగ్లీషు పాట కూడా అనువాదమే. జాన్ ఫ్రీమన్ యంగ్ అనే అమెరికన్ పాదిరి 1859లో అచ్చువేసిన పాఠమది. మూలం జర్మన్. మన తెలుగు పాట ఇంగ్లీషు నుంచి కాక జర్మన్ నుంచే వచ్చిందని నేననుకుంటాను. ‘శుద్ధ దంపతుల్ మేల్కొనగా’ అన్న మాట చూడండి. ఇంగ్లీషులో కన్యమాత, బిడ్డ ఉన్నారు గానీ దంపతులు లేరు, మేలుకోవడమూ లేదు. జర్మన్‌లో ఉన్నది సరిగ్గా అదే: అందరూ నిద్రపోతున్నారు, ఆ పరమ పవిత్రమైన జంట ఒక్కటే మేలుకుని ఉంది. గొల్లల చరణమూ అంతే. ఇంగ్లీషు గొల్లలు ఆ దృశ్యం చూసి వణికిపోతారు. జర్మన్ గొల్లలకు దూతల హల్లెలూయ ద్వారా కబురు తెలుస్తుంది. మనకు ‘దూతల హల్లెలూయ గొల్లవాండ్రకు దెలిపెను’. హల్లెలూయ వచ్చి కబురు చెప్పడం తెలుగు చెవికి కొంచెం వింతే. వెనక ఉన్న జర్మన్ వాక్యం తొంగిచూస్తోందన్నమాట. మూడో చరణం మాత్రం రెండువైపులా సర్దుకుపోతుంది. జర్మన్‌లో బాలుడి నోట ప్రేమ నవ్వుతుంది, ఇంగ్లీషులో ముఖం నుంచి వెలుగు వస్తుంది, తెలుగులో ముఖాన ప్రేమలు ఒలుకుతాయి. ఈ ‘ఒల్కు’ మటుకు అచ్చంగా మనది, మూడింట్లోనూ నాకు నచ్చినది. జర్మన్ బాలుడికి ఉంగరాల జుట్టు కూడా ఉంది. అది ఇంగ్లీషుకూ రాలేదు, మనకూ రాలేదు.

రాసిందెవరంటారా? ‘రాయడం’ అంటే మాటలే అయితే యోసెఫ్ మోర్. 1816లో ఆస్ట్రియాలోని మరియాఫార్ అనే ఊళ్లో పాదిరిగా ఉన్నప్పుడు ఆరు చరణాల కవితగా రాశాడు. రెండేళ్ల తర్వాత ఓబెర్న్‌డోర్ఫ్‌లో పనిచేస్తూ, 1818 డిసెంబరు 24న దాన్ని ఫ్రాంజ్ గ్రూబర్ చేతిలో పెట్టి రెండు గొంతులకూ గిటారుకూ బాణీ కట్టమన్నాడు. గ్రూబర్ పక్కనే ఆర్న్స్‌డోర్ఫ్‌లో బడిపంతులు, ఓబెర్న్‌డోర్ఫ్ చర్చిలో ఆర్గన్ వాయించేవాడు. ఆ రాత్రే ఇద్దరూ కలిసి పాడారు. ఎలుకలు ఆర్గన్ తిత్తులు కొరికేశాయి కాబట్టి గిటారు పట్టారన్నది తర్వాత పుట్టిన కథ.

మాట, పాట రెండూ ఒకరివే అయితే మనకు ‘వాగ్గేయకారుడు’ అనే మంచి మాట ఉంది. ఇక్కడ అది కుదరదు. ‘మోర్ రాశాడు, గ్రూబర్ బాణీ కట్టాడు’ అనాలి. ‘ఇద్దరూ రచించారు’ అని కలిపేస్తే ఎవరిదేదో తెలియదు. ఆ గందరగోళం అప్పుడే మొదలైంది. పాట ఊళ్లు దాటేసరికి కట్టినవాళ్ల పేర్లు రాలిపోయాయి, బాణీ మిఖాయేల్ హైడన్ అనే స్వరకర్తదేమోనని కూడా అనుకున్నారు. 1854లో బెర్లిన్ రాజాస్థాన సంగీతశాల నుంచి ఆరా వస్తే, అరవై ఏడేళ్ల గ్రూబర్ జరిగింది జరిగినట్టు కాగితం మీద పెట్టి పంపాడు. మోర్ అప్పటికి చనిపోయి ఆరేళ్లు. మోర్ స్వదస్తూరితో ఉన్న ప్రతి 1995లో బయటపడింది. అందులో కవిత తనదనీ, 1816 నాటిదనీ, బాణీ గ్రూబర్‌దనీ ఆయనే రాసుకున్నాడు.