రోటరీ ఇంజన్‌లో సింథటిక్ ఆయిల్ పోశానని క్లెయిమ్ కొట్టేశారు, కోర్టుకు వెళ్ళొచ్చా?

ప్రశ్న: రెండేళ్ళ కిందట రోటరీ ఇంజన్ ఉండే 2010 మోడల్ మాజ్డా ఆర్‌ఎక్స్-8 సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అప్పుడే డీలరు దగ్గర మూడేళ్ళ సర్వీస్ కాంట్రాక్టు కూడా తీసుకున్నాను. ఇప్పుడు ఇంజన్ కంప్రెషన్ (లోపలి గాలిని నొక్కిపట్టే బలం) పడిపోయింది. వేడి మీద ఆపితే మళ్ళీ స్టార్ట్ కావడం లేదు. ‘రోటరీకి మామూలు మినరల్ ఆయిలే పోయాలి, మీరు సింథటిక్ పోశారు’ అంటూ కాంట్రాక్టు కంపెనీ ఒక్క పేరా ఉత్తరంతో చేతులు దులుపుకుంది. ఫలానా ఆయిలే వాడాలని ఒత్తిడి చేయడం మాగ్నసన్-మాస్ చట్టానికి విరుద్ధమని మిత్రులు అంటున్నారు. నిజమేనా?
- ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: మీ మిత్రులు చెప్పింది సగం నిజం. ఆ సగాన్నే నమ్ముకుని కోర్టుకెళితే మొదటి వాయిదాలోనే దెబ్బ తింటారు.

1975లో వచ్చిన మాగ్నసన్-మాస్ చట్టం వారంటీ ఇచ్చినవాడు ‘మా బ్రాండు సరుకు వాడితేనే వారంటీ’ అనకూడదంటుంది. ఆ సరుకు ఉచితంగా ఇస్తేనో, ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ప్రత్యేకంగా అనుమతిస్తేనో తప్ప. ఇక్కడ మీకు రెండు చిక్కులున్నాయి. ఆ నిషేధం బ్రాండు పేరుకు సంబంధించినది, ఆయిల్ రకానికి కాదు. ‘మా కంపెనీ డబ్బానే కొను’ అంటే తప్పు. ‘5డబ్ల్యూ-20 గ్రేడు పొయ్యి’ అని ఆయిల్ చిక్కదనం చెబితే తప్పు కాదు. ఇక రెండోది మరీ ముఖ్యం: మీ చేతిలో ఉన్నది వారంటీ కాదు. విడిగా డబ్బు కట్టి కొన్న సర్వీస్ కాంట్రాక్టు. డీలరు దాన్ని ‘ఎక్స్‌టెండెడ్ వారంటీ’ అనే పిలిచి ఉంటాడు, అందరూ అలాగే పిలుస్తారు. చట్టం మాత్రం ఆ రెంటినీ వేరుగా చూస్తుంది. బ్రాండు నిషేధం వారంటీకే వర్తిస్తుంది.

కాబట్టి ఆయిల్ సంగతి కాసేపు పక్కనపెట్టి, ఆ కాంట్రాక్టును మొదటి పేజీ నుంచి చదవండి. మెయింటెనెన్స్ షరతు దగ్గర ఆగండి. ‘తయారీదారు చెప్పిన విధంగా’ అని ఉందా, ‘మినరల్ ఆయిల్ మాత్రమే’ అని ఉందా? మొదటిదే అయితే ఓనర్స్ మాన్యువల్‌లో ఆయిల్ పేజీ తీయండి. అమెరికాలో ఆర్‌ఎక్స్-8కి చెప్పిన గ్రేడు 5డబ్ల్యూ-20. మీరు పోసిన డబ్బా మీద అదే గ్రేడు, ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ముద్ర ఉన్నాయా చూసుకోండి. ‘ఇది వాడండి’ అనడం వేరు, ‘అది వాడితే కవరేజీ పోతుంది’ అనడం వేరు. కాగితం మీద లేని షరతును ఉత్తరంలో కొత్తగా పుట్టించడానికి కంపెనీకి హక్కు లేదు.

ఇంకో చోటా చూడండి, మినహాయింపుల జాబితాలో. రోటరీ ఇంజన్లను మొత్తంగానే మినహాయించే కాంట్రాక్టులు ఉన్నాయి. మీదీ అలాంటిదే అయితే గొడవ ఆయిల్ గురించి కానే కాదు. ఆర్‌ఎక్స్-8 అని తెలిసీ, కారు నంబరు రాసుకుని మరీ పనికిరాని కాగితం అమ్మారన్నమాట. నన్నడిగితే అది మీకు మరింత బలమైన కేసు.

ఇప్పుడు ఆయిల్. రోటరీలో పిస్టన్లుండవు, మూడు మూలల రోటర్ తిరుగుతుంది. మూలల అంచున అపెక్స్ సీల్స్ అనే సన్నని పట్టీలుంటాయి. వాటిని తడిగా ఉంచడానికి ఒక పంపు ఇంజన్ ఆయిల్‌నే కొద్దికొద్దిగా లోపలికి పంపుతుంది, అది ఇంధనంతో పాటు కాలిపోతుంది. సింథటిక్ సరిగా కాలక మసి మిగులుస్తుందన్న భయం అక్కడ పుట్టింది. మరోవైపు, రోటరీల కోసమే చేసిన సింథటిక్ ఆయిళ్ళు కూడా దొరుకుతున్నాయి, జపాన్ కంపెనీ ఇదెమిట్సు అమ్మేది అలాంటిదే. పైగా ఈ కార్లలో స్పార్క్ ప్లగ్గులకు కరెంటు అందించే ఇగ్నిషన్ కాయిల్స్ బలహీనపడి ఇంజన్‌ను పాడుచేయడం మెకానిక్‌లందరికీ తెలిసిన సంగతే. అందుకే ‘సింథటిక్ పోశారు’ అన్న ఒక్క మాట చాలదు. ఆ ఆయిల్ వల్లే సీల్స్ పోయాయని దేన్ని బట్టి తేల్చారో రాతపూర్వకంగా అడగండి. ఇన్‌స్పెక్టర్ రిపోర్టు కాపీ కూడా అడగండి. అసలు ఇంజన్ విప్పి చూశారా?

ఈలోగా రోటరీ తెలిసిన షాపులో కంప్రెషన్ టెస్ట్ చేయించండి. మామూలు గేజ్ దీనికి పనికిరాదు, రోటర్ మూడు ముఖాలకూ విడివిడిగా అంకెలు చూపించే టెస్టర్ కావాలి. ఇంజన్ విప్పితే పాత సీల్స్ పారేయొద్దని చెప్పండి. ఆయిల్ మార్చిన బిల్లులతో పాటు మధ్యమధ్య పోసిన క్వార్టు డబ్బాల రసీదులూ వెతకండి. ఈ ఇంజన్ ఆయిల్ తాగుతుంది కాబట్టి రేపు ‘లెవెల్ పడిపోనిచ్చారు’ అని కొత్త సాకు చెబుతారు. ఆ రసీదుల మీద అక్షరాలు ఎండకు వెలిసిపోతాయి, ఇవాళే ఫోటోలు తీయండి. విజయవాడ ఆటోనగర్‌లో మేస్త్రీ మాట చాలు, ఇక్కడ కాగితమే సాక్షి.

తర్వాత టెక్సస్ వినియోగదారుల చట్టం, అంటే డీటీపీఏ కింద సర్టిఫైడ్ మెయిల్‌లో నోటీసు పంపండి. దావాకు కనీసం 60 రోజుల ముందు అది చేరాలి. ఫిర్యాదు ఏమిటో, ఎంత నష్టమో అంకెతో సహా రాయండి. సర్వీస్ కాంట్రాక్టు కంపెనీల మీద అజమాయిషీ టెక్సస్ లైసెన్సింగ్ అండ్ రెగ్యులేషన్ శాఖది, అక్కడా ఫిర్యాదు పెట్టండి. దీనికి ఖర్చు లేదు, కంపెనీలు కదులుతాయి కూడా. 20,000 డాలర్ల లోపు వివాదానికి చిన్న దావాలు వినే జస్టిస్ కోర్టు చాలు, లాయరు లేకుండానే వెళ్ళొచ్చు. అయితే కాంట్రాక్టులో ఆర్బిట్రేషన్ క్లాజు, అంటే కోర్టుకు బదులు మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలన్న షరతు, ఉంటే దాన్ని నాకు పంపాకే అడుగు వేయండి. డీటీపీఏ గడువు రెండేళ్ళు. అమ్మేటప్పుడు చెప్పిన అబద్ధం మీద కేసయితే ఆ గడువు ఇప్పటికే దగ్గరపడి ఉండొచ్చు, ఆలస్యం చేయకండి.

కొత్త ఇంజన్ వేయించాక ఏ ఆయిల్ పోయాలన్నది మెకానిక్‌నే కాదు, కాంట్రాక్టు కంపెనీని కూడా ఈమెయిల్‌లో అడిగి, వాళ్ళ జవాబు ప్రింటు తీసి గ్లవ్ బాక్సులో పెట్టుకోండి.